గోడ మీద అక్కడి టైము

టైము విషయంలో మా ఆయన మాటకి నేనెప్పుడూ ఎదురు చెప్పలేదు. మిగతా అన్ని విషయాల్లోనూ చెబుతాను, అది మా వీధంతా ఎరిగిన సంగతే. కూరలో ఉప్పెక్కువైందని ఆయనంటే నాలుక పాడైందంటాను. ఈ చొక్కా బాగుందని ఆయనంటే అద్దం తుడుచుకుని చూసుకోమంటాను. కానీ ఇప్పుడెంతయింది అన్నదానికి మాత్రం మా ఇంట్లో ఆయన చెప్పిందే వేదం. గడియారాలు బాగుచేసే మనిషికి టైము గురించి చెప్పబోవడమంటే తాతకి దగ్గులు నేర్పడమే కదా.

మా దుకాణం ఒకే గది. ముందు గాజు బల్ల, దాని వెనక కిటికీ పక్కన ఆయన స్టూలు. కుడికంటికి భూతద్దం పెట్టుకుని కూర్చున్నారంటే పిడుగు పడ్డా తలెత్తరు. నేను బల్లకి ఈ చివర కూర్చుని సెల్లులు మారుస్తాను, బెల్టులు బిగిస్తాను, వచ్చినవాళ్ళతో మాట్లాడతాను. మాట్లాడడం నా వంతు, ఎందుకంటే ఆయనకి నోట్లో నాలుక లేదు. ఎప్పటికవుతుందండీ అని ఎవరైనా అడిగితే "అయినప్పుడు" అంటారు. ఆ మాటకి తిరిగి వెళ్ళిపోబోయినవాళ్ళని ఎంతమందిని నేను బతిమాలి కూర్చోబెట్టానో లెక్కలేదు.

ఆయనకో పద్ధతి ఉంది. బాగుచేసిన గడియారాన్ని వెంటనే ఇవ్వరు. గోడకి తగిలించి దాని నడక చూస్తారు. "తుడిచి నూనె పెట్టాక ఏ గడియారమైనా కాసేపు కంగారుపడుతుంది. దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. కుదుటపడ్డాకే నమ్మాలి" అంటారు. అందుకే మా గోడ నిండా కంగారుపడుతున్న గడియారాలే. ఒకటి పది అంటుంది, ఒకటి ఆరంటుంది, ఒకటేమో అసలు ఏమీ అనదు. వాటి మధ్య నమ్మదగినవి రెండే. ఒకటి మన టైముది. రెండోది దాని పక్కనే, ఇత్తడి చట్రంలో, నాలుగు గంటలు ముందు నడిచేది. దాని కింద ఆయన స్వయంగా చీటీ రాసి అంటించారు, అక్కడి టైము అని.

ఆ గడియారం కథ చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. దుకాణం పెట్టకముందు ఆయన వాచీల ఫ్యాక్టరీలో పనిచేసేవారు. దాని సొంతదారులు వేరే దేశం వాళ్ళు. వాళ్ళ హెడ్డాఫీసు టైము చూపించడానికి పని హాల్లో ఈ ఇత్తడి గడియారం వేలాడేది. ఒకరోజు ఇక్కడ లాభం లేదనుకుని వాళ్ళు గేటుకి తాళం వేశారు. వెళుతూ వెళుతూ పనివాళ్ళందరి చేతిలో కొంత డబ్బు, ఆ పెద్ద కంపెనీ షేర్లు కొన్ని పెట్టారు. డబ్బుతో ఈ దుకాణం మొదలుపెట్టాం. షేర్ల కాగితాలు బీరువాలో చీరల కిందకి వెళ్ళాయి. అవి మన ఊరి షేర్లు కావు, వాళ్ళ దేశం మార్కెట్లోవి. మనకెందుకొస్తాయిలే అనుకున్నాం. ఫ్యాక్టరీ సామాను వేలం వేసినప్పుడు ఆయన పాడుకున్నది ఆ గడియారం ఒక్కటే. అప్పట్నుంచి ప్రతి వారం తనే కీ ఇస్తారు. దుమ్ము తుడవడానికి కూడా నన్ను చెయ్యి వెయ్యనివ్వరు. ఇన్నేళ్ళలో అది ఒక్కసారి కూడా తప్పలేదని ఆయనకి గర్వం. మనుషుల గురించి ఆయన అంత మంచిమాట చెప్పగా నేను వినలేదు, నా గురించి అసలే వినలేదు.

ఇక మేడమీదాయన సంగతి. దుకాణం గది ఆయనదే, పైన కాపురం. ఒకరోజు కర్ర పొడుచుకుంటూ దిగి వచ్చి, గాజు బల్ల మీద చెయ్యి వేసి చల్లగా చెప్పారు.

"చెల్లెమ్మా, గది అమ్మేస్తున్నాను. మా అన్నయ్యకీ ఇందులో సగం ఉంది, ఇంక తేల్చేసుకుందాం అంటున్నాడు. ఎదురుగా ఫోను కవర్లమ్మే అతను రొక్కం పట్టుకుని తిరుగుతున్నాడు. కానీ ముందు మీకు చెప్పడం ధర్మం. మీరు కొంటానంటే మీకే ఇస్తాను."

మా ఆయన భూతద్దం తీసేశారు. పని మధ్యలో ఆయన భూతద్దం తీయడం నేను చాలా తక్కువసార్లు చూశాను.

ఆ గది పోతే ఇంకో గది దొరకదా అంటారు చాలామంది. దొరుకుతుంది. కానీ ఆయన ఎడమకన్ను ఎప్పుడో మసకబారి రెప్ప వాలిపోయింది. ఉన్న కుడికన్ను ఆ కిటికీలోంచి పడే వెలుగుకే అలవాటుపడింది. పట్టకారు ఎక్కడుందో, సన్న స్క్రూల డబ్బా ఎక్కడుందో ఆ చేతికే తెలుసు, చూసి వెతుక్కోరు. వేరేచోట బల్బు కింద కూర్చోబెట్టి చూశాం, మా అమ్మాయి ఎక్కడో చదివి తెచ్చిన ఖరీదైన దీపం కింద కూడా. వేలెడంత ముల్లు కూడా కనిపించలేదన్నారు. కాబట్టి పోయేది గది కాదు, ఆయన పని. అది నాకూ తెలుసు, మా అమ్మాయికీ తెలుసు, ఆయనకి మాత్రం తెలియనట్టు నటించాం.

షేర్లు గుర్తుచేసింది మా అమ్మాయే. రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, పొద్దు పొడవకముందే వెళ్ళి జనానికి సూదులు గుచ్చి వస్తుంది. చీరల కింద నుంచి కాగితాలు లాగి, వాటి ఇప్పటి ధర ఏదో ఫోనులో చూసి, కాగితాలు మళ్ళీ లెక్కపెట్టింది.

"నాన్నా, ఇవి ఈ గది కొనేంత ఉన్నాయి" అంది చివరికి.

నేను ఆ పూట రెండోసారి టీ పెట్టాను. అంతకుమించి ఏం చేయాలో తెలియలేదు.

కానీ పరాయి దేశం మార్కెట్లో ఉన్నది అమ్మడం అంటే సంచిలో వేసుకుని బజారుకి తీసుకెళ్ళడం కాదు. కాగితాలు ఫోనులోకి ఎక్కాలి, ఖాతా తెరవాలి, ఈయనే ఆయన అని రుజువు చూపించాలి. ఆయన ఫోటో మూడుసార్లు తిరస్కరించారు, ఒక కన్ను మూసి ఉందని. ఎడమకన్ను ఎప్పుడూ అంతేనని రాసి పంపితే నాలుగోసారి ఒప్పుకున్నారు. అది వస్తోంది, ఇది వస్తోంది అంటూ వారాలు గడిచాయి. ఈలోగా మేడమీదాయన గడువు చెప్పేశారు.

"శుక్రవారం పొద్దున్న మా అన్నయ్య సంతకానికి వస్తున్నాడు. సాయంత్రం బండికి వెళ్ళిపోతాడు, మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలీదు. డబ్బు మీ చేతికి రావడానికి వారం పట్టినా నేను ఆగుతాను. కానీ గురువారం చీకటి పడేలోగా మీరు అమ్మేసినట్టు నాకు రుజువు కావాలి. అన్నయ్యకి చూపించాలి కదమ్మా."

మంచి మాటే. నిజానికి అంతకన్నా మంచి మాట ఎవరు చెబుతారు?

ఖాతా కోసం ఎదురుచూసిన ఆ వారాల్లో మా ఆయన ఊరికే కూర్చోలేదు. అక్కడి మార్కెట్టు అక్కడి టైము పదికి తెరిచి నాలుగుకి మూస్తారని మా అమ్మాయి చెప్పింది. అంటే మనకి పొద్దున్న ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు దాకా. రోజూ దుకాణం తెరవగానే ఫోను బల్ల మీద పెట్టి, ఒక చూపు అందులో ఆడే ధర మీద, ఒక చూపు ఇత్తడి గడియారం మీద వేసేవారు. అన్నేళ్ళు ఎందుకూ పనికిరాకుండా వేలాడిన గడియారానికి ఇప్పుడు పని దొరికింది. పెళ్ళికెదిగిన పిల్లని చూసినట్టు మురిపెంగా చూసేవారు దాన్ని.

ఒకరోజు నాతో రహస్యం చెప్పినట్టు చెప్పారు. "ఇది గమనించావా? తెరిచినప్పట్నుంచీ ధర ఎగిరెగిరి పడుతుంది. చివరి అరగంటలో కుదుటపడుతుంది. అప్పుడే నమ్మాలి."

"అదేమన్నా గడియారమా?" అన్నాను.

"నడిచే ప్రతిదీ గడియారమే" అన్నారు.

నవ్వాను. అంత పెద్ద మాట ఆయన నోట రావడం చూసి ముచ్చటేసింది కూడా. ఆ మాటే కొంప ముంచుతుందని నాకేం తెలుసు?

గడువున్న వారం రానే వచ్చింది. ఖాతాకి అనుమతి మాత్రం రాలేదు. సోమవారం నుంచి బడి గోడ గడియారం పని నెత్తిమీద పడి, మేము ఫోను వైపు కూడా చూడలేదు. చూసి ఏం చేస్తాం, అమ్మే దారి లేనప్పుడు? బుధవారం సాయంత్రం మెసేజీ వచ్చింది, మీ ఖాతా సిద్ధం అని. అప్పటికి అక్కడ మార్కెట్టు మూసేసి ఉంటారు. కాబట్టి మిగిలింది గురువారం ఒక్కటే. ఒక్కరోజు చాలదా అనుకున్నాం. నొక్కడానికి ఎంతసేపు?

గురువారం తెల్లవారుతుండగా మా అమ్మాయి చెప్పులు వేసుకుంటూనే నాన్నకి పాఠం చెప్పింది. ఇక్కడ నొక్కాలి, తర్వాత ఇక్కడ, ఆ తర్వాత ఫోనుకి అంకెలొస్తాయి, అవి కొట్టాలి. "ఆరుకి తెరుస్తారు నాన్నా, నేనప్పటికి పనిలో ఉంటాను. తెరవగానే నొక్కెయ్యండి. ఒక రూపాయి అటూ ఇటూ అయినా పర్వాలేదు, ఆలస్యం చేయొద్దు."

"ఊఁ" అన్నారాయన.

ఆయన ఊఁ అంటే విన్నానని అర్థం, ఒప్పుకున్నానని కాదు. కొత్త కాపురంలో ఆ తేడా తెలియక నేను చాలాసార్లు బోల్తా పడ్డాను. మా అమ్మాయికి ఇంకా తెలియలేదు.

ఇంట్లో నొక్కలేదు. దుకాణానికొచ్చాక నొక్కుదామన్నారు. దుకాణానికొచ్చాక, ఉండు చూద్దామన్నారు. ధర నిజంగానే గంతులు వేస్తోంది, పైకీ కిందకీ.

"ఏవండీ, నొక్కెయ్యండి. పిల్ల చెప్పింది కదా."

"ఇప్పుడు వద్దు. ఊగుతోంది."

"ఊగితే ఊగనివ్వండి, మనకి కావలసింది గది."

"ఇత్తడి గడియారం మూడున్నర చూపించినప్పుడు నొక్కుతాను. అప్పటికి ఇంకా అరగంట మిగిలే ఉంటుంది. నాకు తెలుసు."

టైము సంగతి వచ్చేసింది. నేను నోరు మూసుకున్నాను. ఎవరో వాచీ గాజు పగిలిందని వస్తే వాళ్ళతో మాటల్లో పడ్డాను. పదకొండు దాటిన కాసేపటికి ఆయన నన్ను పిలిచారు. గొంతులో గెలిచిన మనిషి హుషారుంది.

"ఇటు రా. చూడు."

ఫోనులో ధర కదలడం లేదు. అంతసేపు ఎగిరిన అంకె ఇప్పుడు గోడకి కొట్టిన మేకులా నిలబడిపోయింది.

"చెప్పానా? కుదుటపడింది. ఈరోజు కాస్త ముందే కుదుటపడింది" అన్నారు.

ఇత్తడి గడియారం మూడున్నర కొట్టేదాకా ఆగారు, పద్ధతి పద్ధతే కాబట్టి. తర్వాత మా అమ్మాయి చెప్పిన చోట నొక్కారు, ఇంకోచోట నొక్కారు. అంకెలొచ్చాయి, నేను చదివితే ఆయన కొట్టారు. ఆకుపచ్చ టిక్కు పడింది. ఆయన ఫోను బల్ల మీద పెట్టి, భూతద్దం కంటికి పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి పనిలో పడిపోయారు. గుండె మీద నుంచి బండ దిగినట్టయింది. పక్కషాపు టైలరుకి కూడా టీ చెప్పి పంపాను. ఏంటి విశేషం అంటే "గది మాదైంది" అన్నాను. నా నోరు నా చెప్పుచేతల్లో ఎప్పుడుంది కనక.

వెంటనే ఫోను పట్టుకుని మేడెక్కాను. మేడమీదాయన సంతోషంగానే తలుపు తీశారు. కళ్ళజోడు తెచ్చుకుని, ఫోను దూరంగా పట్టుకుని, మళ్ళీ దగ్గరగా పట్టుకుని, రెండుసార్లు చదివారు.

"చెల్లెమ్మా, ఇందులో అమ్మినట్టు లేదు. ఆర్డరు అందింది అని ఉంది. కింద సన్నక్షరాల్లో ఏదో ఉంది చూడు."

నేను చదివాను. మార్కెట్టు మళ్ళీ తెరిచాక మీ ఆర్డరు వరుసలో వెళుతుంది, అని ఉంది.

"మళ్ళీ తెరవడమేంటి? ఇంకా మూయలేదు కదా" అన్నాను.

"కనుక్కోమ్మా. చీకటి పడేదాకా టైముంది" అన్నారాయన. అనుమానంగా అనలేదు, జాలిగా అన్నారు. అదే నాకు ఎక్కువ భయమేసింది.

కిందకి దిగి, ఆ ఖాతా కంపెనీకి ఫోను చేశాం. పాట వచ్చింది. ఒకటి నొక్కమంటే ఒకటి, మూడు నొక్కమంటే మూడు. మళ్ళీ పాట. ఆ పాటకి తాళం వేసుకుంటూ ఎంతసేపు కూర్చున్నామో. చివరికి ఒక ఆడపిల్ల గొంతు పలికింది, నిద్రలేచి ముఖం కడుక్కున్నంత శుభ్రంగా.

"మేడమ్, మీరు మార్కెట్టు మూసేశాక ఆర్డరు పెట్టారు."

"మూసేశాకా? మేం పెట్టినప్పుడు ఇంకా అరగంట ఉందమ్మా. మా దగ్గర గడియారం ఉంది, అక్కడి టైముదే."

"అక్కడ పోయిన ఆదివారం గడియారాలు గంట ముందుకి జరిపారు మేడమ్. ఇప్పుడు మన పదకొండుకే మూసేస్తారు."

"ఎవరు జరిపారు?"

"అందరూ మేడమ్. దేశం మొత్తం."

"ఎందుకూ?"

"పగలు పెద్దదవుతుందని జరుపుతారు మేడమ్. ఏటా ఇంతే."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయనకి ఫోను గొంతు వినబడుతూనే ఉంది. ఇత్తడి గడియారం వైపు చూస్తున్నారు. ఒక మనిషి దొంగతనం చేస్తే పోలీసులకి చెబుతాం. దేశం దేశమంతా కలిసి మన గంట ఒకటి పట్టుకుపోతే ఎవరికి చెప్పుకోవాలి?

"సరేనమ్మా, అయిందేదో అయింది. రేపు తెరవగానే అమ్ముడవుతాయి కదా? రేపు పొద్దున్నే అయితే మేం వాళ్ళ కాళ్ళో వేళ్ళో పట్టుకుంటాం."

"రేపు అక్కడ సెలవు మేడమ్."

"శుక్రవారం ఏం సెలవు?"

"నాకు సెలవని మాత్రమే కనిపిస్తోంది మేడమ్. శని, ఆది ఎలాగూ ఉండదు. సోమవారం కూడా సెలవే. మంగళవారం తెరుస్తారు."

"నాలుగు రోజులు మూస్తారా? కిరాణా కొట్టువాడు కూడా అంతసేపు మూయడే."

"సారీ మేడమ్."

"పోనీ మీరు అమ్మినట్టే ఒక కాగితం రాసివ్వండి. మంగళవారం ఎలాగూ అమ్ముడవుతాయి కదా. గది అమ్మే ఆయనకి చూపిస్తే చాలు."

"అమ్ముడవకుండా అలా ఇవ్వలేం మేడమ్. ధర కూడా మంగళవారమే తెలుస్తుంది." ఆ పిల్ల గొంతులో నిజంగానే బాధ ఉందేమో, నాకు తెలియలేదు. "మీకు ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?"

"ఇంకేమైనా అంటున్నావు. మొదటిదేదమ్మా నువ్వు చేసింది?" అన్నాను. అని, వెంటనే సిగ్గుపడ్డాను. పాపం, ఆ పిల్ల ఏం చేస్తుంది? ఆ పిల్ల చేతిలో మార్కెట్టు లేదు, మా చేతిలో మార్కెట్టు లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ దేవుడూ కనబడడు, పూజారీ కనబడడు, పాట మాత్రం వినబడుతుంది.

ఫోను పెట్టేశాక ఆయన భూతద్దం తీసుకుని తుడవడం మొదలుపెట్టారు. నేను ఉండబట్టలేక అరిచాను. పిల్ల చెప్పింది వినలేదనీ, కుదుటపడడం కుదుటపడడం అంటూ చచ్చినదాన్ని చూసి నిద్రపోతోందనుకున్నారనీ అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. టైము విషయంలో ఆయనకి ఎదురు చెప్పడం నా కాపురంలో అదే మొదలు. తిట్టినంతసేపు తిట్టి నాకే ఏడుపొచ్చింది.

అప్పుడు మెల్లగా అన్నారు.

"ఫ్యాక్టరీలో ఏడాదికి రెండుసార్లు ఒక గుమాస్తా నిచ్చెన వేసుకుని ఈ ఇత్తడి గడియారం దగ్గరకి ఎక్కేవాడు. ముల్లు పట్టుకుని తిప్పి దిగిపోయేవాడు. సరిగ్గా నడిచే గడియారాన్ని పాడుచేస్తున్నాడని నాకు ఒళ్ళు మండేది. ఫోర్‌మన్‌కి ఫిర్యాదు కూడా చేశాను. నీ పని నువ్వు చూసుకో అన్నాడు. ఇక్కడికి తెచ్చాక ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు."

కళ్ళు తుడుచుకుని ఆయనకి మంచినీళ్ళిచ్చాను.

సాయంత్రం ఆయనే మేడెక్కారు. నేను వెనకే వెళ్ళి మెట్ల మీద నిలబడ్డాను. నోట్లో నాలుక లేని మనిషి ఆ రోజు మాట్లాడారు. గడియారాలు జరపడం, సెలవులు, వరుసలో ఉన్న ఆర్డరు, అన్నీ మొదట్నుంచి చెప్పారు. మంగళవారం దాకా ఆగమన్నారు. ఆయన గొంతు అంత సేపు వినడం నాకే కొత్త. మేడమీదాయన అంతా విన్నారు. వాళ్ళ అన్నయ్యకి ఫోను చేసి కూడా చూశారు. ఆ ఫోనులో గట్టి గట్టిగా వినిపించిన మాటలు మెట్ల మీద నాకూ అందాయి. రుజువుందా, లేదా? లేకపోతే కవర్లతనికే. నేను మళ్ళీ మళ్ళీ రాలేను.

"నేనొక్కణ్ణే అయితే నెల రోజులైనా ఆగేవాణ్ణి" అన్నారు మేడమీదాయన. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. అబద్ధం చెప్పలేదు. తిడదామంటే ఒక్క మనిషి దొరకలేదు నాకు ఆ రోజు.

మా అమ్మాయి ఇంటికొచ్చి విషయం విని, నాన్నని ఒక్క మాట అనలేదు. "సెలవుల సంగతి నేను చూసుకోవాల్సింది" అని మూలకెళ్ళి కూర్చుంది. అన్నం ముగ్గురం తినలేదు.

శుక్రవారం సంతకాలైపోయాయి. కవర్లతను మంచివాడే. "అంకుల్, తొందరేం లేదు, మెల్లగా ఖాళీ చెయ్యండి" అన్నాడు. కానీ టేపు పెట్టి గోడలు కొలుచుకోకుండా ఉండలేకపోయాడు. ఎవరి ఆశ వాళ్ళది. గిరాకీల గడియారాలు నడిచినవి నడిచినట్టు, నడవనివి నడవనట్టు ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాం. కుదుటపడేదాకా గోడకి ఉంచడం అన్న మాట మొదటిసారి ఆయన ఎత్తలేదు.

మంగళవారం ఆఖరి సామాను సర్దుతుంటే ఫోను చూశాను. తెల్లవారుజామునే మెసేజీ వచ్చి ఉంది. షేర్లన్నీ అమ్ముడయ్యాయి. ధర గురువారం కన్నా ఎక్కువే పలికింది. గది కొనగా ఇంకా మిగిలేంత. బయటికి చదివాను, ఎవరి కోసం చదివానో నాకే తెలియదు. కవర్లతను కూడా కొలతలు ఆపి విన్నాడు, టేపు చుట్టుకున్నాడు.

మా ఆయన నిచ్చెన అడిగారు. కవర్లతను పట్టుకుంటే ఎక్కారు. ఇత్తడి గడియారం అద్దం తెరిచి, పెద్దముల్లు వేలితో పట్టుకుని, నిండుగా ఒక చుట్టు ముందుకి తిప్పారు. చాలా మెల్లగా తిప్పారు. తర్వాత అద్దం మూసి, గడియారం దింపి, తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చారు. నా చేతికి ఆ గడియారం రావడం అదే మొదలు. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది.

ఇంట్లో వంటగది పక్క గదిలో బల్ల వేశాం. కిటికీ ఉంది గానీ ఎదురుగా పక్కింటి గోడ. మా అమ్మాయి ఖరీదైన దీపం బిగించింది. డబ్బు బ్యాంకులో ఉంది, రోజుకోసారి బ్యాంకు నుంచి ఏదో ఒక మెసేజీ వస్తుంది. ఆయన భూతద్దం పెట్టుకుని కూర్చుంటారు. చెయ్యి పాత అలవాటున కుడివైపుకి వెళుతుంది, అక్కడ పట్టకారు ఉండదు. నేను తీసి అందిస్తాను. నెమ్మదిగా పని తగ్గించేశారు, ఇప్పుడు సెల్లులు మార్చడం వరకే. అది నేను చేసే పని. ఇద్దరం అదే చేస్తాం.

రెండు గడియారాలూ ఎదురుగోడకే తగిలించాం, పక్కపక్కనే. నిన్న మధ్యాహ్నం ఆయన వాటివైపే చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. ఆ దీపం వెలుగులో ఎంత కనిపిస్తుందో నాకు తెలియదు, అడగను. తర్వాత నావైపు తిరిగారు.

"ఇప్పుడెంతయింది?" అన్నారు.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నన్నడగడం ఎప్పుడూ లేదు. నేను ఫోను తీసి చూసి చెప్పాను.